హైదరాబాద్ నుంచి నీలగిరి, మున్నార్‌లకు కారులో: వేసవి రోడ్ ట్రిప్ ప్లాన్ చేసుకునే సమగ్ర మార్గదర్శి

మే నెలలో ఊటీ వెళ్లొచ్చినవాళ్లను పలకరిస్తే చాలామంది ముందు చెప్పేది ట్రాఫిక్ గురించే. ఘాట్ రోడ్డు మీద గంటలు గంటలు, చెక్‌పోస్టు దగ్గర లైను, పార్కింగ్ దొరక్క చక్కర్లు. జనం ఎక్కువైన మాట నిజమే కానీ మనం ప్లాన్ వేసుకునే పద్ధతి కూడా ఇందుకు కారణం. మ్యాప్‌లో కిలోమీటర్లు కూడి, హోటళ్లు బుక్ చేసి, బండి తీస్తాం. ఈ దారిలో మాత్రం రోడ్లకే వేళలున్నాయి. ఒక అడవి రోడ్డు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. ఒక కొండ మీదికి రోజుకిన్ని కార్లనే రానిస్తారు. సీజన్‌లో ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఇంకో దారి. ఒక నేషనల్ పార్కు ఏటా రెండు నెలలు మూతబడుతుంది. ముందు ఈ వేళలన్నీ కాగితం మీద పెట్టుకుని, ఊళ్లూ హోటళ్లూ వాటి మధ్యలో సర్దుకోవాలి. ఈ గైడ్ అంతా ఆ క్రమంలోనే ఉంటుంది.

ఇక్కడ చెప్పే దారి: హైదరాబాద్, లేపాక్షి, మైసూరు, బండీపూర్, ముదుమలై, ఊటీ, కూనూరు, చిన్నార్, మరయూర్, మున్నార్, తిరిగి ఇంటికి. మొత్తం పన్నెండు రోజులు. తిరుగుళ్లతో కలిపి దాదాపు 2,500 కిలోమీటర్లు. దక్షిణాదిన సొంత కారులో ఇన్ని అడవులు, ఇంత ఎత్తైన కొండలు ఒకే ప్రయాణంలో చూపించే దారి నాకు తెలిసి ఇంకొకటి లేదు.

1. ముందు తేదీలు ఖాయం చేసుకోండి

మన బడులకు ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులు మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. అంత పెద్ద సెలవుల్లో ఈ ట్రిప్‌కి నిజంగా బాగుండేది ఏప్రిల్ చివరి వారం నుంచి మే పదో తేదీ లోపు మాత్రమే. ఎందుకో చెప్తాను.

మే మధ్యలో ఊటీ బొటానికల్ గార్డెన్‌లో ఫ్లవర్ షో జరుగుతుంది. 1848లో మొదలుపెట్టిన ఆ తోట ఏ రోజు వెళ్లినా అందంగానే ఉంటుంది. షో రోజుల్లో మాత్రం పూలకన్నా జనమే ఎక్కువ కనిపిస్తారు. ఇక మే మూడో వారం దాటితే వాన భయం. నైరుతి రుతుపవనాలు జూన్ 1కి కేరళ చేరతాయని చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. 2025లో మే 24కే వచ్చేశాయి. ఆ వెంటనే నీలగిరి జిల్లాకు రెడ్ అలర్ట్ ఇచ్చి పర్యాటక ప్రదేశాలు మూసేశారు. డబ్బు కట్టి హోటల్ గదిలో కిటికీ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది జనానికి. జూన్, జూలైల్లో పశ్చిమ కనుమల్లో కొండచరియలు విరిగిపడే ప్రమాదం చిన్నది కాదు. 2024 జూలై 30న వయనాడ్‌లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. వాన చూడాలని ఎంత ఆశ ఉన్నా పిల్లలతో ఆ నెలల్లో ఈ ఘాట్లు ఎక్కొద్దని నా సలహా.

మరీ ముందుగా, మార్చిలో వెళ్దామంటే ఇంకో అడ్డంకి ఉంది. మున్నార్ దగ్గరి ఎరవికులం నేషనల్ పార్కును నీలగిరి థార్‌లనే కొండమేకలు ఈనే కాలమని ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూసేస్తారు. సాధారణంగా ఏప్రిల్ 1 నుంచి మళ్లీ తెరుస్తారు.

2. బయల్దేరే వారం: శనివారం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ట్రిప్ మొత్తం దీని మీదే నిలబడుతుంది. శనివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో బండి తీస్తే ప్లాన్ ఇలా కుదురుతుంది.

శనివారం రాత్రికి లేపాక్షి లేదా హిందూపురం. ఆదివారం పొద్దున్నే ఆఫీసు ట్రాఫిక్ లేని బెంగళూరు దాటి మధ్యాహ్నానికి మైసూరు. ఆదివారాల్లో సాయంత్రం ఏడు గంటలకు మైసూరు ప్యాలెస్‌కు దీపాలు వెలిగిస్తారు, అది సరిగ్గా మనకు కలిసొస్తుంది. సోమవారం బండీపూర్. మంగళవారం అడవి దాటి ఊటీ. బుధ, గురువారాలు ఊటీ, కూనూరు. శుక్రవారం పొద్దున్న కొండ దిగాలి. వారాంతపు జనం ఎక్కడం మొదలుపెట్టే వేళకు మనం దిగిపోతాం. శుక్ర, శనివారాల రాత్రులు మరయూర్‌లో. అక్కడికి మున్నార్‌కు వచ్చినంత రద్దీ రాదు. ఆదివారం మధ్యాహ్నం జనం మున్నార్ నుంచి వెనక్కి దిగుతుంటే మనం వెళ్తాం. సోమవారం పొద్దున్నే ఎరవికులం. మంగళ, బుధవారాలు తిరుగు ప్రయాణం.

సెలవు దొరకక ఇంకో రోజు బయల్దేరాల్సి వస్తే రోజుల వరస మార్చుకోండి, సూత్రం మాత్రం వదలకండి: శని, ఆదివారాల్లో ఊటీలో ఉండకూడదు.

కొడైకెనాల్ ఎందుకు లేదని అడుగుతారు. మ్యాప్‌లో మున్నార్ పక్కనే కనిపిస్తుంది కానీ మధ్యలో అడవి. కారు మాత్రం బోడి, తేని మీదుగా కిందికి దిగి, మళ్లీ వత్తలగుండు దగ్గర కొండ ఎక్కాలి. దాదాపు 170 కిలోమీటర్లు, ఒక రోజంతా మలుపులే. రెండు వారాలుంటే కలపండి. పన్నెండు రోజుల్లోనే ఇరికిస్తే ఏదీ చూసినట్టుండదు.

విజయవాడ, నెల్లూరు వైపు వాళ్లు తిరుపతి, చిత్తూరు, పలమనేరు, కోలార్ మీదుగా బెంగళూరు చేరవచ్చు. విశాఖ, శ్రీకాకుళం వాళ్లకైతే నా సలహా వేరు: బెంగళూరు దాకా రైల్లోనో విమానంలోనో వెళ్లి అక్కడ సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకోండి. కొండ ఎక్కకముందే డ్రైవర్ అలిసిపోతే ఎవరికీ సుఖం ఉండదు.

3. పాస్‌లు, బుకింగ్‌లు: నెల ముందు కూర్చోవాల్సిన పని

ఊటీకి ఈ-పాస్ తప్పనిసరి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకీ కొడైకెనాల్‌కీ ఈ పద్ధతి పెట్టారు. తమిళనాడు ప్రభుత్వ ఈ-పాస్ వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు, బండి నంబరు, వచ్చే తేదీ, వెళ్లే తేదీ, ఎంతమంది, ఎక్కడ బస అని అడుగుతుంది. డబ్బు కట్టక్కర్లేదు. వచ్చిన క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌లో దాచుకుని, ఒక ప్రింట్ కూడా తీసి పెట్టుకోండి, చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊటీకి మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లనే అనుమతించారు. కాబట్టి హోటల్ బుక్ చేసే ముందే ఆ తేదీకి పాస్ దొరుకుతుందో లేదో చూసుకోవాలి. చాలామంది ఇది తలకిందులుగా చేసి, గదికి డబ్బు కట్టాక పాస్ కోసం టెన్షన్ పడతారు. ప్రభుత్వ బస్సులకూ రైలుకూ ఈ పాస్ అవసరం లేదు.

సఫారీల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. బండీపూర్‌లో కర్ణాటక అటవీశాఖ, ముదుమలైలో తమిళనాడు అటవీశాఖ నడుపుతాయి. వేసవిలో అడవి ఎండిపోయి ఉంటుంది, ఆకులు రాలి లోపలికి దూరం కనిపిస్తుంది. ఏనుగులు, అడవి దున్నలు నీటి గుంటల దగ్గరికి వస్తాయి. అందుకే ఏప్రిల్, మే జంతువులు కనిపించే కాలం. అదే ఎండ వల్ల కార్చిచ్చు భయమూ ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో బండీపూర్‌లో వేల ఎకరాలు తగలబడ్డాయి. నిప్పు భయం ఎక్కువైతే సఫారీలు ఆపేస్తారు. 2025 నవంబరులో అడవి పక్క గ్రామాల్లో పులుల దాడుల్లో మనుషులు చనిపోయాక బండీపూర్, నాగరహొళె రెండింటిలోనూ సఫారీలు నిలిపేశారు. బుక్ చేసేటప్పుడు ఒకసారి, బయల్దేరే ముందు రోజు మరోసారి అటవీశాఖ వెబ్‌సైట్ చూడండి. సఫారీ లేకపోయినా ఆ రోడ్డు మీద ప్రయాణమే ఒక అనుభవం, దాని కోసం ట్రిప్ మానుకోవద్దు.

బస విషయంలో ఒక్క హెచ్చరిక. ముదుమలై పక్కనున్న మసినగుడి చుట్టుపక్కల ఉన్నది ఏనుగులు కనుమల మధ్య తిరిగే దారి. ఆ దారికి అడ్డంగా కట్టిన రిసార్టులను మూసేయమని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2020లో ఆ ఏనుగుల దారిని సమర్థిస్తూ తీర్పిచ్చింది. అక్కడ గది తీసుకునేటప్పుడు లైసెన్సు ఉందా అని సూటిగా అడగండి. రాత్రిపూట జీపులో జంతువులను చూపిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది చట్టవిరుద్ధం. పైగా రాత్రి లైట్లు వేసి జంతువులను తరిమితే వాటికి మిగిలిన కాస్త చోటు కూడా మనం లాక్కున్నట్టే. అటవీశాఖ ముదుమలైలోని తెప్పక్కాడులో అతిథి గృహాలు ఇస్తుంది, దొరికితే అంతకన్నా మంచి బస లేదు.

ఎరవికులం టికెట్లు ఆన్‌లైన్‌లో వేళల వారీగా ఇస్తారు. పొద్దున మొదటి వేళకే తీసుకోండి. నీలగిరి కొండ రైలు టికెట్లు ఐఆర్‌సీటీసీలో తెరిచిన రోజే అయిపోతాయి, ఎక్కాలనుకుంటే ఆ తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

4. బండిని సిద్ధం చేయడం

బయల్దేరడానికి పది రోజుల ముందు సర్వీసింగ్ చేయించండి, ముందు రోజు కాదు. ఏదైనా తేడా ఉంటే ఊళ్లో తిరిగేటప్పుడే బయటపడుతుంది. మెకానిక్‌తో ప్రత్యేకంగా చెప్పాల్సినవి మూడు. బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో చూపించమనండి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే కొత్తది పోయించండి. పాత ఆయిల్‌లో చెమ్మ చేరి ఘాట్ దిగేటప్పుడు వేడికి మరుగుతుంది, అప్పుడు పెడల్ నొక్కినా బ్రేక్ పట్టదు. కూలెంట్, రేడియేటర్ గొట్టాలు చూడమనండి, ఎందుకంటే ఎండలో ఏసీ వేసి కొండ ఎక్కితే ఇంజిన్ మీద అసలు భారం అప్పుడే పడుతుంది.

టైర్ల గురించి నిర్లక్ష్యం వద్దు. అయిదేళ్లు దాటినవి, పక్క గోడ మీద పగుళ్లున్నవి పైకి బాగానే కనిపించినా మే నెల మధ్యాహ్నం జాతీయ రహదారి మీద పేలిపోయే ప్రమాదముంది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు పెట్టించాలి. సామాను నిండుగా ఉంటుంది కాబట్టి డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద పూర్తి బరువుకి రాసిన కొలత ప్రకారం పెట్టించండి. స్టెప్నీలో గాలి చూడటం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజీలాకర్‌లో ఉంటే చెల్లుతాయి. పొల్యూషన్ గడువు ఒక్కసారి చూసుకోండి. సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకుంటే కర్ణాటక, తమిళనాడు, కేరళ మూడింటికీ పర్మిట్ ఉందా, లేకపోతే పన్ను ఎవరు కట్టాలి అన్నది మెసేజ్‌లో రాయించుకోండి. నోటి మాట చెక్‌పోస్టు దగ్గర పనికిరాదు.

5. డబ్బు లెక్క

లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారైతే దాదాపు 170 లీటర్లు పడుతుంది. ఘాట్లలో మైలేజీ తగ్గుతుంది కాబట్టి 180 అనుకోండి. కర్ణాటక, తమిళనాడుల్లో పెట్రోలు మన రాష్ట్రాలకన్నా చవక, అందుకని ఇంటి దగ్గర ట్యాంకు నిండా కొట్టించకుండా కర్ణాటకలోకి వెళ్లాక నింపుకోండి. బండీపూర్‌కు ముందొచ్చే గుండ్లుపేటలో మళ్లీ నింపాలి, ఆ తర్వాత అడవి.

టోల్ చాలా ఉంటుంది. జాతీయ రహదారుల కోసం ఫాస్టాగ్ వార్షిక పాస్ 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైంది, 200 సార్లు టోల్ దాటేదాకా లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది. సొంత కారుకే వర్తిస్తుంది. రాష్ట్ర రహదారుల టోళ్లకు పనిచేయదు కాబట్టి ఫాస్టాగ్‌లో మామూలు బ్యాలెన్స్ కూడా ఉంచండి. ఏడాదిలో ఇలాంటి ప్రయాణాలు ఇంకో రెండు చేసేవాళ్లకు పాస్ లాభమే.

హోటల్ గదులకే అన్నిటికన్నా ఎక్కువవుతుంది. ఊటీలో మే నెల ధరలు మామూలు రోజులకన్నా బాగా పెరుగుతాయి. కూనూరులో గానీ కోటగిరిలో గానీ ఉంటే తగ్గుతుంది, హాయిగానూ ఉంటుంది. డ్రైవర్‌ను పెట్టుకుని వెళ్తుంటే అతనికి పడుకునే చోటు ఉందో లేదో హోటల్‌ను ముందే అడగండి. కొండ మీద రాత్రి చలిలో కారులో పడుకున్న మనిషి మరునాడు మనల్ని క్షేమంగా దించాలి.

6. మొదటి రెండు రోజులు: మైదానం

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరితే కర్నూలులో టిఫిన్, పదకొండు లోపు అనంతపురం. ఎండ ముదిరే వేళకు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబరు రహదారి వదిలి లేపాక్షి వైపు తిరగండి, పదిహేను కిలోమీటర్లే. వీరభద్రాలయం, వేలాడే స్తంభం, ఏకశిల నంది అన్నీ సాయంత్రం వెలుగులో తీరిగ్గా చూడొచ్చు. ఒకే రోజులో మైసూరు చేరాలని పంతం పడితే 700 కిలోమీటర్లు దాటుతుంది. దాని అలసట మూడు రోజులు వదలదు.

బెంగళూరు, మైసూరు మధ్య ఎక్స్‌ప్రెస్‌వే దాదాపు 119 కిలోమీటర్లు. గంటకు 100 కిలోమీటర్లు పరిమితి. అన్నిచోట్లా కెమెరాలున్నాయి, చలానా నేరుగా ఫోన్‌కే వస్తుంది.

7. అడవి దాటడం

గుండ్లుపేట దాటాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు వయనాడ్‌కు, ఎడమవైపు బండీపూర్ మీదుగా ఊటీకి. రెండు రోడ్లూ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటాయి. 2009లో ఈ నిషేధం వచ్చింది. అంతకుముందు రాత్రుళ్లు లారీల కింద పడి జింకలు, చిరుతలు చచ్చిపోయేవి. రాత్రి ఎనిమిదింటికి గుండ్లుపేటలో ఉండి ఎలాగోలా దాటేద్దాం అనుకోకండి, ఆ తొందరలోనే ప్రమాదాలు జరుగుతాయి. మన ప్లాన్‌లో సోమవారం మధ్యాహ్నానికి బండీపూర్ చేరతాం కాబట్టి ఆ సమస్యే రాదు. సాయంత్రం సఫారీ, రాత్రి అడవి అంచున బస, పొద్దున ఇంకో సఫారీ.

1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఎంచుకున్న తొమ్మిది అడవుల్లో బండీపూర్ ఒకటి. నాగరహొళె, ముదుమలై, వయనాడ్ అడవులతో కలిసి ఇది ఒకే అడవి. గీతలు మనం గీసుకున్నవి. అందులోంచి వెళ్లేటప్పుడు పాటించాల్సినవి కొద్దే. బండి ఆపకూడదు, దిగకూడదు, హారన్ కొట్టకూడదు, కోతులకూ జింకలకూ ఏమీ పెట్టకూడదు. అరటిపండు ఇచ్చిన చెయ్యి దయగలదనిపిస్తుంది, కానీ తిండి కోసం రోడ్డెక్కడం అలవాటైన జింక ఏదో ఒక రోజు బండి కింద పడుతుంది. ఏనుగు ఎదురైతే దూరంగా ఆగి, ఇంజిన్ ఆపకుండా, వెనక్కి వెళ్లే జాగా ఉంచుకుని, అది దాటేదాకా ఎదురుచూడాలి. లైట్లు కొట్టొద్దు. 2025 ఆగస్టులో బండీపూర్ రోడ్డు మీద ఏనుగుతో సెల్ఫీకి దిగిన ఒకతన్ని ఏనుగు తరిమి పడేసింది. ప్రాణాలతో బయటపడ్డాడు, అటవీశాఖ 25,000 రూపాయల జరిమానా వేసింది.

కక్కనల్ల చెక్‌పోస్టు దగ్గర తమిళనాడు మొదలవుతుంది. అక్కడే ఈ-పాస్ చూస్తారు, ప్లాస్టిక్ కోసం బండి వెతుకుతారు. నీలగిరి జిల్లాలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్, నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు నిషేధం. ఇంటి నుంచే స్టీలు సీసాలు, పెద్ద క్యాన్ తెచ్చుకోండి. కొండ మీద నీళ్లు నింపుకునే యంత్రాలు రోడ్డు పక్కనే ఉంటాయి. లైనులో నిలబడ్డాక వాదించడం వల్ల మన సమయమే పోతుంది.

తెప్పక్కాడు ఏనుగుల శిబిరంలో పొద్దున, సాయంత్రం ఏనుగులకు రాగి ముద్దలు తినిపిస్తారు. పిల్లలుంటే ఆ వేళకు చేరేలా చూసుకోండి.

తెప్పక్కాడు నుంచి ఊటీకి రెండు దారులు. మసినగుడి, కల్లట్టి మీదుగా దగ్గర, కానీ 36 హెయిర్‌పిన్ మలుపులు, నిట్టనిలువు ఎక్కుడు. ఆ దారిలో బయటి బండ్లను కిందికి దిగనివ్వరు, ఎందుకంటే బ్రేకులు కాలి లోయలో పడ్డ బండ్లున్నాయి. ఎక్కడానికి కూడా ఆ రోజు అనుమతి ఉందేమో చెక్‌పోస్టులో అడగండి. నిండా సామాను, ఏడుగురు మనుషులు, చిన్న ఇంజిన్ అయితే ఆలోచించకుండా గూడలూరు దారి పట్టండి. ముప్ఫై కిలోమీటర్లు ఎక్కువైనా రోడ్డు వెడల్పు, దారంతా టీ తోటలు.

8. ఘాట్ రోడ్డు మీద

ఎక్కేటప్పుడు ఏ గేరు పడితే దిగేటప్పుడూ అదే గేరు. ఇదొక్కటి గుర్తుంటే సగం భయం పోతుంది. రెండో గేరులో దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేక్ మలుపుల దగ్గర మాత్రమే కొద్దిగా. కాలు బ్రేక్ మీదే ఉంచి దిగితే ప్యాడ్లు కాలి వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే వెడల్పు చోటు చూసి ఆపి, అరగంట చల్లారనివ్వాలి. డిస్క్‌ల మీద నీళ్లు పోయకండి, వేడి ఇనుము మీద చల్లనీళ్లు పడితే వంకరపోతుంది. న్యూట్రల్‌లో దిగడం అసలే వద్దు. ఆటోమేటిక్ కారుల్లో ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ ఎలా వేయాలో బయల్దేరే ముందే ఇంటి దగ్గర ఫ్లైఓవర్ మీద అలవాటు చేసుకోండి.

ఎలక్ట్రిక్ కారైతే కొండ మీద వంద శాతం చార్జ్ చేసి దిగడం మొదలుపెట్టకండి. బ్యాటరీ నిండి ఉంటే రీజెన్ (బండి వేగం తగ్గిస్తూ బ్యాటరీని నింపే పద్ధతి) పనిచేయదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఎనభై దగ్గర ఆపితే దిగేటప్పుడు మిగతాది అదే నిండుతుంది.

ఎక్కే బండికి దారివ్వాలి. కనపడని మలుపులో హారన్ కొట్టి, ఎడమ అంచునే తిరగాలి. బస్సు ఎదురొస్తే మలుపుకి ముందే ఆగిపోండి, దానికి రోడ్డంతా కావాలి. పొగమంచులో హై బీమ్ వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు, లో బీమ్ చాలు.

వాంతుల భయం ఉన్నవాళ్లకు ముందు సీటు ఇచ్చి, కిటికీ కొద్దిగా తీసి, దూరంగా కొండ వైపు చూడమనండి. ఫోన్ చూడకుండా ఉంటే సగం మందికి రాదు. ఖాళీ కడుపుతోనూ వద్దు, పూరీలు తినీ వద్దు. రెండు ఇడ్లీలు సరిపోతాయి. మాత్ర వాడాలనుకుంటే డాక్టర్‌ను అడిగి, డ్రైవర్‌కు మాత్రం ఇవ్వకండి, నిద్రొస్తుంది.

9. ఊటీలో రెండు రోజులు

ఊటీ ఊరు పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా కిక్కిరిసి ఉంటుంది. అందుకే 2,637 మీటర్ల దొడ్డబెట్టకూ, బొటానికల్ గార్డెన్‌కూ పొద్దున తెరవగానే వెళ్లి, పదకొండుకల్లా ఊరు వదిలేయండి. కూనూరు వైపు సిమ్స్ పార్కు, లాంబ్స్ రాక్, టీ తోటలు మధ్యాహ్నానికి.

కొండ రైలు మొత్తం 46 కిలోమీటర్లు, 2005లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. కారులో వచ్చినవాళ్లకు కొండ కిందున్న మేట్టుపాళయం నుంచి ఎక్కడం కుదరదు. కూనూరు, ఊటీ మధ్య ముక్క ఎక్కితే చాలు. ఇంట్లో ఒకరు కారు తీసుకుని ఎదురొస్తే తిరిగి వెళ్లే బాధ కూడా ఉండదు. ఆవిరి ఇంజిన్ చూడాలంటే కూనూరు స్టేషన్‌లో నిలబడితే కనిపిస్తుంది, అది అక్కడి దాకానే వస్తుంది.

ఈ కొండల గిరిజనులైన తోడాల ఊళ్లను ‘మంద్’ అంటారు. విల్లులా వంగిన వాళ్ల గుడిసెలు కనపడగానే కెమెరా తీసి లోపలికి నడవకండి. అవి ఇళ్లు, గుళ్లు. అడిగి వెళ్లండి. వాళ్లు ఎరుపు, నలుపు దారాలతో కుట్టే శాలువలు నేరుగా వాళ్ల దగ్గరే కొంటే మంచిది.

రాత్రి మే నెలలోనూ పది, పన్నెండు డిగ్రీలకు దిగుతుంది. హైదరాబాద్ ఎండలో సర్దుకుంటూ స్వెట్టర్లు అనవసరం అనిపిస్తాయి. పెట్టుకోండి.

10. కోటగిరి, చిన్నార్, మరయూర్

సీజన్‌లో పోలీసులు వన్ వే పెడతారు. మేట్టుపాళయం నుంచి ఎక్కే బండ్లు కూనూరు మీదుగా, దిగే బండ్లు కోటగిరి మీదుగా. శుక్రవారం పొద్దున ఏడింటికి ఊటీ వదిలితే కోటగిరిలో టీ, కోయంబత్తూరు దాటి పొల్లాచి లేదా ఉడుమలపేటలో భోజనం. ఆ ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి, తరాలుగా స్థిరపడినవాళ్లు. హోటల్‌లో మీరు తెలుగులో మాట్లాడుకుంటుంటే పక్క బల్ల నుంచి జవాబు రావచ్చు.

ఉడుమలపేట నుంచి మరయూర్ దారి మొత్తం అడవే. ముందు ఆనమలై, తర్వాత కేరళ వైపు చిన్నార్ అభయారణ్యం. నాలుగు గంటల లోపు అడవిలోకి ప్రవేశించేలా చూసుకోండి, చీకటి పడేసరికి దాటిపోవాలి. కొండలకు అటు వైపు కుండపోత కురిస్తే ఇటు చిన్నార్ ముళ్లచెట్లతో పొడిగా ఉంటుంది, వాన నీడ ప్రాంతం కదా. మన రాయలసీమ కొండలు గుర్తుకొస్తాయి.

శనివారం మరయూర్‌లో తొందర లేకుండా గడపండి. సహజంగా పెరిగిన చందనపు అడవి, వేల ఏళ్లనాటి రాతి సమాధులు, భౌగోళిక గుర్తింపు పొందిన మరయూర్ బెల్లం. బెల్లం గానుగ దగ్గరికి వెళ్లి వేడిగా ఉండ కట్టేటప్పుడు తిని చూడండి. చిన్నార్‌లో అటవీశాఖ గైడ్‌తో నడక ఏర్పాటు చేస్తుంది. జీపు సఫారీలకన్నా ఆ నడకే నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే తోడొచ్చేవాళ్లు ఆ అడవిలో పుట్టి పెరిగిన గిరిజనులు, ప్రతి పాదముద్రా చదివి చెప్తారు.

11. మున్నార్, ఎరవికులం

మరయూర్ నుంచి మున్నార్ 40 కిలోమీటర్లు, టీ తోటల మధ్య. మున్నార్ ఊళ్లో కన్నా ఈ దారిలో బస దొరికితే అక్కడే దిగండి, ఎరవికులం ప్రవేశద్వారం కూడా ఇటువైపే. రాత్రి తోటల రోడ్ల మీద అడవి ఏనుగులు తిరుగుతాయి, చీకటి పడ్డాక కారు తీయకండి.

ఎరవికులం 97 చదరపు కిలోమీటర్లు, 1978లో నేషనల్ పార్కు అయింది. కారు ద్వారం దగ్గరే ఆపి అటవీశాఖ బస్సులో పార్కు లోపలి రాజమలకు వెళ్లాలి. దక్షిణ భారతంలో అన్నిటికన్నా ఎత్తైన ఆనముడి, 2,695 మీటర్లు, ఎదురుగా కనిపిస్తుంది. నీలగిరి థార్‌లు మనుషులంటే బెదరకుండా రోడ్డు పక్కనే మేస్తుంటాయి, ఏప్రిల్ చివర్లో పిల్లలు వెంట ఉంటాయి. ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి 2018లో పూసింది, మళ్లీ 2030లో. ఆ ఏడాది వెళ్లాలనుకుంటే మాత్రం వేసవిలో కాదు, ఆగస్టు తర్వాత ప్లాన్ చేసుకోండి.

12. తిరుగు దారి

మంగళవారం పొద్దున ఆరున్నరకు మున్నార్ వదిలి, వచ్చిన చిన్నార్ దారిలోనే ఉడుమలపేటకు దిగి, అవినాశి మీదుగా సేలం చేరండి. అక్కడి నుంచి మళ్లీ మన 44వ నంబరు రహదారే. కృష్ణగిరిలో రాత్రి ఆగితే మరునాడు పొద్దున అయిదింటికి బయల్దేరి, ఎలక్ట్రానిక్ సిటీ ట్రాఫిక్ మొదలయ్యేలోపు బెంగళూరు దాటవచ్చు. నడిపేవాళ్లు ఇద్దరుంటే రాత్రికి హైదరాబాద్. ఒక్కరే అయితే అనంతపురంలో ఆగి గురువారం వెళ్లండి. నెల్లూరు, విజయవాడ వైపు వాళ్లు కృష్ణగిరి నుంచి చిత్తూరు, తిరుపతి మీదుగా వెళ్తే బెంగళూరే తగలదు.

ఇల్లు చేరిన వారంలో బండిని మళ్లీ మెకానిక్‌కు చూపించి, బ్రేక్ ప్యాడ్లు, వీల్ అలైన్‌మెంట్ సరిచేయించుకోండి. ఘాట్లలో అరిగింది ఎంతో అప్పుడే తెలుస్తుంది.